చక్రాల బూట్ల ఎంపికలు: గుంటూరు నుంచి సింహళం దాకా

మొన్నామధ్య ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. కొత్తగా డ్రిల్లు మాస్టారుగా చేరాడట. ఇప్పుడు ఆ మాట అనకూడదట, వ్యాయామోపాధ్యాయుడు అనాలట. సరే, అలాగే అందాం. "పెద్దవారు, ఇన్నేళ్లు పిల్లల్ని పోటీలకి పంపారు. ఎంపికలకి వాళ్లని ఎలా తయారు చెయ్యాలో నాలుగు ముక్కలు రాసిపెట్టండి సార్" అన్నాడు.

"పిల్లల్ని తయారు చెయ్యడం ఏముంది నాయనా, కాస్త ఎండలో నిలబడే ఓపికుంటే చాలు. ఎంపిక చేసే పెద్దల్ని తయారు చెయ్యడం ఎక్కడన్నా నేర్చుకున్నావా?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. నవ్వే వయసే మరి. ఈ రాసేది వాడి కోసం, వాడిలాగా ఈల మెడలో వేసుకుని కొత్తగా మైదానంలోకి దిగేవాళ్ల కోసం.

నా జీతం ఎప్పుడు పెరిగిందో, నన్ను ఏ ఊరికి బదిలీ చేశారో రాయను. దానివల్ల మీకొచ్చేదేం లేదు. కబడ్డీ గురించీ వాలీబాల్ గురించీ కూడా రాయను. వాటి సంగతి ఊళ్లో అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ నాకంటే బాగా తెలుసు. ఎవరికీ తెలియని ఆట ఒకటి నా నెత్తిన పడింది. ఆట ఎవరికీ తెలియనప్పుడే మనుషుల సంగతి బాగా తెలుస్తుంది. అందుకని దాని గురించే చెప్తాను.

దొరగారి పెట్టె

ఇది అరవయ్యో దశకం మొదట్లో మాట. అప్పటికింకా ఒంగోలు జిల్లా పుట్టలేదు. అద్దంకి మా గుంటూరు జిల్లాలో ఉండేది, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది.

మా ఊరి దగ్గర పొగాకు కంపెనీలో ఒక దొర ఉండేవాడు. ఉద్యోగం చాలించుకుని వాళ్ల దేశం వెళ్లిపోతూ సామానంతా పంచిపెట్టాడు. పడక్కుర్చీ ఒకరికి, కుక్క ఒకరికి, పింగాణీ పళ్లేలు ఇంకొకరికి పోయాయి. ఎవరూ వద్దన్న ఇనప్పెట్టె ఒకటి మా హైస్కూలుకి వచ్చింది. మూత తీస్తే నాలుగు జతల బూట్లు. ఒక్కో బూటు కింద నాలుగు చక్రాలు. అడుగున ఇంగ్లీషులో ఆట నియమాల పుస్తకం.

మా హెడ్మాస్టరు గారు నెమ్మదస్తులు. ఏ వస్తువొచ్చినా ముందు అది ఎవరి నెత్తిన రుద్దాలో ఆలోచించేవారు. "ఇవి ఏ సబ్జెక్టు కిందకొస్తాయంటారు?" అన్నారు. చక్రాలు కాబట్టి సైన్సన్నాడు లెక్కల మాస్టారు. గుండ్రంగా ఉన్నాయి కాబట్టి లెక్కలే అన్నాడు సైన్సు మాస్టారు. ఆఖరికి కాళ్లకి తొడిగేవి కాబట్టి డ్రిల్లుకే అని తేల్చి పెట్టె నా గదికి పంపించారు. అలా నేను జిల్లాలో ఏకైక స్కేటింగు నిపుణుణ్ణయ్యాను.

పుస్తకం చదివాను. అసలిది చలిదేశాల్లో గడ్డకట్టిన చెరువుల మీద ఆడే ఆటట. మాకు తెలిసిన మంచుగడ్డ సోడాబండి వాడు రంపప్పొట్టులో కప్పి గోనెసంచి చుట్టి తెచ్చేదొక్కటే. దాని మీద ఆడదామంటే వాడు ఊరుకోడు. అందుకని మంచు లేని చోట చక్రాలు.

ఎనిమిది చుట్టడం

ఈ ఆటలో పరుగు లేదు, గోలు లేదు, ఎదుటివాణ్ణి పడగొట్టడం లేదు. నేల మీద ఎనిమిది అంకె వెయ్యాలి. ఒంటికాలి మీద జారుతూ ఒక సున్నా చుట్టి బయల్దేరిన చోటికే రావాలి. అక్కడ కాలు మార్చి రెండో సున్నా చుట్టాలి. అలా మూడు సార్లు. మూడు సార్లూ చక్రాలు ఒకే జాడలో నడవాలి. అది అయ్యాక సంగీతానికి తగ్గట్టు గెంతులూ తిరుగుళ్లూ. అన్నిటికీ ఆరు మార్కులకి లెక్క.

ఎనిమిది వేసేటప్పుడు న్యాయనిర్ణేతలు ఆటగాణ్ణి చూడనక్కర్లేదు, వాడు వెళ్లిన జాడ చూడాలి అని పుస్తకంలో ఉంది. మొహం చూడకుండా నేల చూసి మార్కులు వేసే ఆట ఒకటుందని చదివి పొంగిపోయాను. మన దగ్గర మొహం చూడకుండా మార్కులు వేయించడం ఎంత కష్టమో అప్పటికి నాకు తెలీదు.

మా మైదానం గులకరాళ్ల నేల. చక్రం కదలదు. నున్నటి సిమెంటు గచ్చు ఊరంతటికీ వీరయ్యగారి జిన్నింగు మిల్లు గోడౌనులోనే ఉంది. వీరయ్యగారికి పత్తి మిల్లూ ఉంది, మిరప వ్యాపారమూ ఉంది. వెళ్లి అడిగితే "బస్తాలు లేనప్పుడు ఆడుకోండి, ఉన్నప్పుడు రాకండి" అన్నారు. అంతకు మించి పట్టించుకోలేదు. ఆయన చేసిన మేళ్లలో అదే పెద్దది.

గోడౌనులో మేకు పెట్టి, దారం కట్టి, ముగ్గుతో రెండు సున్నాలు గీసేవాణ్ణి. "పొద్దున్నే వాకిట్లోకి ముగ్గు లేదు గానీ గోడౌనులో ఎనిమిదులకి ఉందా?" అని మా ఆవిడ రోజూ సాధించేది.

ఇక బూట్లు ఎవరేసుకోవాలి? రైతుల పిల్లలు ముచ్చటపడ్డారు గానీ వాళ్ల నాన్నలు పడనివ్వలేదు. "కాలిరిగితే పొలం నువ్వొచ్చి దున్నుతావా మాస్టారూ?" అని ఒకాయన నా మొహం మీదే అడిగాడు. చివరికి మిగిలినవాడు మస్తాను. వాళ్ల నాన్న విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. తల్లి హుసేన్‌బీ పని వీరయ్యగారి గోడౌనులోనే మిరపకాయల తొడాలు తీయడం. తల్లికి అన్నం తీసుకొచ్చిన మస్తాను నా బూట్ల వంక చూసి, "మాస్టారండీ, ఒకసారి ఏసుకోనా?" అన్నాడు. వేసుకున్నాడు, వెల్లకిలా పడ్డాడు. పడినవాడు నవ్వుతున్నాడు. పడి నవ్వేవాడు దొరికితే మీరింకెవర్నీ వెతకక్కర్లేదు.

"ఒరేయ్, కిందకి చూడకు, తలెత్తు" అనేవాణ్ణి.

"కిందకి చూడకపోతే గీత ఎట్టా కనబడుద్దండీ?"

"గీత కనబడక్కర్లేదురా. నడుం తిరిగితే కాలు అదే తిరుగుద్ది."

"అదే తిరిగేట్టయితే ఇక నేనెందుకండీ?" అని నవ్వేవాడు. వారం తిరక్కుండానే తలెత్తి తిరిగాడు.

సంగీతానికి పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్టు వాయించేవాణ్ణి ఒకణ్ణి బతిమాలి తెచ్చాను. వాడికి బాగా వచ్చినవి రెండే. ఒకటి ఊరేగింపు పాట, ఒకటి అప్పగింతల పాట. ఊరేగింపు పాట మరీ హుషారుగా ఉందని అప్పగింతల పాట పెట్టాం. అది మొదలెట్టగానే తొడాలు తీసే ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవాళ్లు. మావాడు గిరగిరా తిరిగేవాడు.

సీటు ఎవరిది?

మొదటేడు రాష్ట్ర సంఘం నుంచి కబురొచ్చింది. జిల్లాకో ఆటగాణ్ణి హైదరాబాదు పంపమన్నారు. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. "మన దగ్గర బూట్లున్నాయని పైవాళ్లకెలా తెలిసిందండీ? సరే, ఎవణ్ణో ఒకణ్ణి పంపించి వదిలించుకోండి" అన్నారు. ఎంపిక అంటే అంతే. పోటీ లేదు, కమిటీ లేదు. ఆ 'ఎవణ్ణో ఒకణ్ణి' మస్తాను. వాడు హైదరాబాదులో మోటారు కార్లలో దిగిన పిల్లల మధ్య, అప్పగింతల పాటకి తిరిగి మూడోవాడుగా వచ్చాడు.

ఇక్కడ ఈ ఆట నియమం ఒకటి చెప్పాలి. పెద్ద పెద్ద అంతర్జాతీయ పోటీల్లో కూడా ఇదే పద్ధతట. పోయినేడు ఒక దేశం ఆటగాడు పైస్థానాల్లో వస్తే ఈ యేడు ఆ దేశానికి ఒక సీటు ఎక్కువిస్తారు. సీటు వచ్చేది దేశానికి, ఆటగాడికి కాదు. అందులో ఎవర్ని కూర్చోబెట్టాలో ఆ దేశం సంఘం ఇష్టం. మా రాష్ట్రం వాళ్లు దాన్నే జిల్లాలకి పెట్టారు. మస్తాను మూడోవాడుగా వచ్చాడు కాబట్టి రెండో యేడు గుంటూరు జిల్లాకి రెండు సీట్లు. ఆ రెండో సీటు వాడి కాళ్లు తెచ్చిన సీటు.

దానితోపాటే ఇంకో కబురు తెలిసింది. ఆ యేడు రాష్ట్రంలో మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లని సింహళంలో జరిగే పోటీలకి పంపుతారు. సముద్రం దాటి. అంతే, ఊరు ఊరంతా స్కేటింగు అభిమానులైపోయారు. మస్తానుకి మాత్రం అదే ఆఖరి అవకాశం. మరుసటేడుకి వాడికి వయసు దాటిపోతుంది. ఆ యేడు వెళ్తే వెళ్లినట్టు, లేకపోతే తండ్రి విల్లు భుజానికెత్తుకోవడమే.

అధ్యక్షుల వారు

వారం తిరిగేసరికి జిల్లా చక్రపాద క్రీడా సంఘం అని ఒకటి వెలిసింది. గోడౌను ఆయనది కాబట్టి వీరయ్యగారు అధ్యక్షులు. హెడ్మాస్టరు గారు కార్యదర్శి. పని చెయ్యడానికి ఒకడు కావాలి కాబట్టి నేను సభ్యుణ్ణి. మేం ముగ్గురమే ఎంపిక కమిటీ.

ప్రారంభోత్సవం నాడు అధ్యక్షుల వారు మొట్టమొదటిసారి బూటు చేతిలోకి తీసుకున్నారు. తిరగేసి, వేలితో చక్రం తిప్పి, "గ్రీజు పెడుతున్నారా?" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ సభలో స్కేటింగు గురించి వచ్చిన మాట అదొక్కటే.

తర్వాత నన్ను పక్కకి పిలిచారు. "చూడండి మాస్టారూ, మనకి రెండు సీట్లున్నాయి. ఒకటి మా మేనల్లుడు ప్రసాదుకి. రెండోది మిల్లులో మా భాగస్తుడి కొడుకు శేషగిరికి. లేకపోతే వాళ్లింట్లో మాట పడాల్సొస్తుంది."

"ప్రసాదుది దర్శి కదండీ. అది నెల్లూరు జిల్లా."

"అయితే ఏం? సెలవులకి వచ్చి తినేది మా ఇంట్లోనే."

"రెండో సీటు తెచ్చింది మస్తాను కదండీ మరి?"

ఆయన చాలా ఓపికగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "తెచ్చాడు. కాదన్నానా? తెచ్చింది ఎవరికి? జిల్లాకి. జిల్లా అంటే ఎవరు? సంఘం. సంఘం అంటే ఎవరు?" అని ఆగారు.

"తమరేనండి" అన్నారు హెడ్మాస్టరు గారు పక్కనుంచి.

కొత్తవాళ్లకి ఒక మాట. ఇలాంటి చోట కోపం తెచ్చుకుని లేచొచ్చేస్తే మీ గౌరవం నిలబడుతుంది, మీ పిల్లాడి సీటు పోతుంది. నేను లేవలేదు. "హైదరాబాదు నుంచి పరిశీలకులొస్తారండి, పోటీ పెట్టకుండా పంపితే ఒప్పుకోరు" అన్నాను. "పెడదాం. పోటీ పెడితే తప్పేముంది? మార్కులు వేసేది మనమేగా" అన్నారాయన.

మిరప దుమ్ములో ఎంపిక

ఆ యేడు వీరయ్యగారు మిరప బస్తాలు అమ్మకుండా గోడౌనులో పేర్చిపెట్టారు. పోటీ రోజు పొద్దున కానీ వాటిని బయటకి తీయించలేదు. హమాలీలు బస్తాలు ఈడ్చుకుపోయేసరికి గచ్చు మీద ఎర్రటి దుమ్ము పేరుకుంది. ఊడ్చేలోపే పరిశీలకురాలు రైలు దిగి వచ్చేసింది. పెద్దావిడ, ఆంగ్లో ఇండియన్. హైదరాబాదులో ఏదో బళ్లో ఈ ఆట నేర్పేదట. మేమంతా ఆవిణ్ణి టీచరమ్మగారు అనేవాళ్లం.

లోపల వేదిక వేసి, రంగు కాగితాలు కట్టి, కుర్చీలు వేశారు. అధ్యక్షుల వారు ఉపన్యాసం మొదలెట్టారు. "ఈ శుభసమయంలో" అన్నారు, తుమ్మారు. మళ్లీ "ఈ శుభసమయంలో" అన్నారు, మళ్లీ తుమ్మారు. శుభసమయం దాటి ముందుకు పోలేకపోయారు. హెడ్మాస్టరు గారు పొలమారి కళ్లు తేలేశారు. టీచరమ్మగారు చేతిగుడ్డతో మొహం కప్పుకుంది. కుర్చీలన్నీ ఎత్తి వరండాలో వేశారు. వరండాలోంచి గోడౌను గోడ తప్ప ఏమీ కనబడదు.

నేను తువ్వాలు ముక్కుకి కట్టుకుని లోపలే నిలబడ్డాను. తొడాలు తీసే ఆడవాళ్లు కూడా గోడవారన నిలబడి ఉన్నారు. ఆ ఘాటు వాళ్లకి రోజూ ఉండేదే.

ముందు ప్రసాదు. కొత్త సిల్కు చొక్కా, తెల్ల మేజోళ్లు. నాలుగడుగులు జారాడు, దగ్గు తెర వచ్చింది, కూలబడ్డాడు. కూలబడ్డవాడు చేతులు నేలకానించి అవే చేతులతో కళ్లు నులుముకున్నాడు. ఇక చెప్పేదేముంది! "మావయ్యో!" అని వాడు పెట్టిన కేక అద్దంకి దాకా వినబడి ఉంటుంది. తర్వాత శేషగిరి. వాడు తెలివైనవాడు. గుమ్మంలో నిలబడి ఒక్క పీల్పు పీల్చి, బూట్లతోనే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తర్వాత మస్తాను. వాడికి మంట లేదని కాదు. కళ్లెంబడి నీళ్లు ధారగా కారుతున్నాయి. వాటిని తుడుచుకోలేదు, తల దించలేదు. ఒక సున్నా చుట్టాడు, కాలు మార్చాడు, రెండో సున్నా చుట్టాడు. మళ్లీ. మళ్లీ. అయిపోయాక చూద్దును గదా, ఎర్రటి దుమ్ములో చక్రాల జాడ సన్నటి జంట గీతలుగా తేటగా పడింది. మూడు సార్లు తిరిగిన జాడ ఒక్కసారి తిరిగినట్టే ఉంది. ముగ్గుతో ఎన్ని రోజులు గీసినా నాకంత చక్కగా రాలేదు. ఒళ్లు పులకరించింది. ఇంతకాలం ఈ ఉద్యోగంలో ఎందుకున్నావురా అని ఎవరన్నా అడిగితే నేను చెప్పేది ఆ జంట గీతల గురించే.

వరండాలోకి వెళ్లేసరికి అక్కడ మార్కులు వేసేశారు. ప్రసాదుకి అయిదున్నర. గుమ్మం దాటని శేషగిరికి అయిదు. మస్తానుకి ఒకటి. ఇద్దరు పెద్దలూ ఒకేలా వేశారు. నేను మస్తానుకి ఆరు వేసినా ఫలితం మారదు.

టీచరమ్మగారు వచ్చీరాని తెలుగులో, "మీరు నేల చూశారా?" అని అడిగింది.

"అక్కర్లేదండీ, మాకు అనుభవం ఉంది" అన్నారు అధ్యక్షుల వారు. లోపలికి తల తిప్పి, "ఇంకా చూస్తారేంటే? దుమ్మంతా ఊడ్చి ఎత్తండి!" అని కేకేశారు. ఆ దుమ్ము జల్లెడ పట్టి కారంలో కలుపుతారు, ఒక్క గుప్పెడు పారెయ్యరు.

గుమ్మంలో చీపురు పట్టుకుని హుసేన్‌బీ నిలబడి ఉంది. కదల్లేదు.

"నీకే చెప్పేది, చెవుడా?"

"ముందు చూడండయ్యా. మీరు చూశాక ఊడుస్తాను."

"నాకే ఎదురు చెప్తావా?"

"ఎదురు కాదయ్యా. ఊడిస్తే మళ్లీ రాదు గదా" అంది. చీపురు గట్టిగా పట్టుకుంది. ఆవిడ కూలి, ఇంటి పొయ్యి, అన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. అది ఆవిడకీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

టీచరమ్మగారు లేచింది. చేతిగుడ్డ కూజాలో తడిపి ముక్కుకి అదుముకుని లోపలికెళ్లింది. చాలాసేపు నేల మీదకి వంగి చూసింది. బయటికొచ్చేసరికి కళ్లు మంకెన పువ్వులయ్యాయి. "ఇలాంటి ఎనిమిది హైదరాబాదులో నా పిల్లలు కూడా వెయ్యలేరు. మిగతా ఇద్దరి ఎనిమిదులూ వెతికాను, కనబళ్లేదు" అంది. "మీ సీట్లలో ఎవర్ని పంపాలన్నది మీ ఇష్టం, నేను కాదనలేను. కానీ ఒక సంగతి మీకు తెలుసనుకుంటాను. సింహళం వెళ్లే జట్టుకి ఏ జిల్లా పిల్లాడు ఎక్కితే, మేనేజరు ఆ జిల్లా సంఘం నుంచే వెళ్తాడు."

వీరయ్యగారు తుమ్మబోయి ఆగిపోయారు. "మేనేజరా?"

"అవును."

"ఓడలోనా?"

"రైల్లో కొంత దూరం, తర్వాత ఓడ."

ఆయన ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నారు. మేనల్లుడు నూతి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటూ ఆయన మనసులో ఏ లెక్క వేసుకున్నారో గానీ కళ్లు తెరిచేసరికి మనిషి మారిపోయారు. "మస్తానూ! ఏడిరా మా మస్తాను? ఇట్టా రా నాయనా! ఒరేయ్, పిల్లాడికి చల్లటి మజ్జిగ తెప్పించండిరా, కళ్లెట్టా అయిపోయినయ్యో చూడండి!"

ఆ సాయంత్రం రెండు పేర్లు హైదరాబాదు వెళ్లాయి. మస్తాను ఒకటి, ప్రసాదు ఒకటి. మేనల్లుణ్ణి పూర్తిగా వదిలేస్తే చెల్లెలు ఊరుకోదు కదా.

అప్పుడు నేనొక సిద్ధాంతం కట్టుకున్నాను. పెద్దల స్వార్థాన్ని ఎదిరించడం మనవల్ల కాదు. అది ఏ దారిన పోతుందో కనిపెట్టి, ఆ దారిలో మన పిల్లాణ్ణి నిలబెట్టాలి. చాలా గొప్ప సిద్ధాంతం అనుకుని మురిసిపోయాను కూడా. చదివి వదిలేయండి, పాటించకండి. ఎందుకో చెప్తాను.

హైదరాబాదు

హైదరాబాదులో పాలరాతి నేల. మస్తాను మొదట బెదిరాడు. "మాస్టారండీ, ఇది మరీ నున్నగా ఉంది, నా మొహం కనబడతంది" అన్నాడు. "కనబడితే చూసుకోరా, మీ ఇంట్లో అద్దం ఎటూ లేదుగా" అన్నాను. నవ్వాడు. నవ్వాక వాడికి భయం ఉండదు.

రెండోవాడుగా వచ్చాడు. సింహళం జట్టులో ఇద్దరే, అందులో ఒకడు దూదేకే ఇంటి కుర్రాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు, ఈసారి మిరప దుమ్ము కూడా లేదు. ప్రసాదు అందరికంటే ఆఖరున వచ్చాడు. ఇద్దరి స్థానాలూ కలిపి చూస్తారు కాబట్టి వచ్చే యేడుకి జిల్లాకి మళ్లీ ఒక్కటే సీటు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రైలు స్టేషన్లో సన్మానం జరిగింది. పూలదండ మస్తాను కోసమే తెప్పించారు. అయితే అది పెద్దది, కుర్రాడి మెడకి బరువవుతుందని అధ్యక్షుల వారు వేసుకున్నారు. ఫొటో తీశారు. అందులో మధ్యన అధ్యక్షుల వారు, కుడివైపు హెడ్మాస్టరు గారు, ఎడంవైపు స్టేషన్ మాస్టరు. మస్తానుది ఒక భుజం పడింది.

హుసేన్‌బీ మాత్రం ప్రయాణానికి అన్నీ సర్దడం మొదలెట్టింది. దూది కూరి మెత్తటి దిండు కుట్టింది, ఓడలో తలకింద పెట్టుకోవడానికి. నేను కనబడ్డప్పుడల్లా ఏదో ఒకటి అడిగేది. "మాస్టారండీ, సింహళంలో అన్నమే తింటారా?" "అన్నమే తల్లీ." "కారం ఉంటుందా?" "మనంత కాకపోయినా ఉంటుంది." "నీళ్లు పడతాయా పిల్లాడికి?" ఆవిడ అడిగినవన్నీ చెప్పలేక నా తలప్రాణం తోకకొచ్చేది. మస్తాను పక్కనే సిగ్గుపడుతూ, "ఊరుకోవే అమ్మా, నేనేం కాపరానికి పోతన్నానా?" అనేవాడు.

జట్టు

జట్టంటే నలుగురు. ఇద్దరు ఆటగాళ్లు, మేనేజరుగా మా వీరయ్యగారు, మొదటివాడి జిల్లా తరఫున ఉపమేనేజరుగా రాష్ట్ర సంఘం కార్యదర్శి. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. విదేశీ ప్రయాణాలు తగ్గించాలి, నలుగురికి కుదరదు, ఇద్దర్నే పంపండి అని.

ఇద్దరంటే ఎవరో మీకూ నాకూ తెలుసు. కానీ కమిటీలు మనలా ఆలోచించవు. హైదరాబాదులో మీటింగు పెట్టారు. వీరయ్యగారు నన్ను కూడా తీసుకెళ్లారు, సామాను మొయ్యడానికి మనిషి దొరక్క. మధ్యాహ్నం భోజనాలదాకా చర్చించారు. పిల్లలు ఒంటరిగా సముద్రం దాటడం క్షేమం కాదన్నారు ఒకరు. వెంట పెద్దవాళ్లుండాలన్నారు ఇంకొకరు. ఒక పిల్లాణ్ణి పంపి రెండోవాణ్ణి ఆపితే వాడి మనసు నొచ్చుకుంటుందన్నారు మరొకరు. అందరూ ఎంతో దయగా మాట్లాడారు. ఆ దయ అంతా కలిపి ఆఖరికి తేల్చిందేమిటంటే, మేనేజరూ ఉపమేనేజరూ వెళ్లాలి, ఆటగాళ్లు ఆగాలి.

ఉండబట్టలేక లేచాను. "ఆటగాడు లేని జట్టేం జట్టండీ?"

"మీరు చాలా చిన్నగా ఆలోచిస్తున్నారు మాస్టారూ" అన్నారు వీరయ్యగారు. "ఈసారి మేం వెళ్లి అక్కడ నేల ఎలా ఉంది, ఏర్పాట్లేంటి, అన్నీ చూసొస్తాం. వచ్చేసారి పిల్లల్ని నిశ్చింతగా పంపొచ్చు."

"వచ్చేసారికి మస్తానుకి వయసు దాటుద్దండి."

"ఈ మస్తాను కాకపోతే ఇంకో మస్తాను. జిల్లాలో పిల్లలకి కరువా?"

ఒళ్లు భగ్గున మండింది. "మీకు సిగ్గుందిటండీ?" అన్నాను. అంత పెద్దగా అన్నానని నాకే తెలీలేదు, వంటవాళ్లు కూడా తొంగిచూశారు. ఆ మాటకి తర్వాత నాకేమైందో రాయనని మొదట్లోనే చెప్పాను కదా. మీటింగు మాత్రం ఆగలేదు, ఒక నిమిషం తర్వాత సాఫీగా సాగిపోయింది.

ఊళ్లో ఈ సంగతి చెప్పే పని కూడా నాకే పడింది. మస్తాను తండ్రి వెంట పరుపుల పని మీద అమరావతి వైపు వెళ్లాడు. గోడౌనుకెళ్లాను. హుసేన్‌బీ పదిమంది ఆడవాళ్ల మధ్య మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడాలు తీస్తోంది. నన్ను చూడగానే, "ప్రయాణం ఎప్పుడంటండీ?" అంది.

చెప్పాను. నలుగురు కాదు, ఇద్దరే వెళ్తున్నారని చెప్పాను. ఆ ఇద్దరూ ఎవరో చెప్పాను. మస్తాను లేడని చెప్పాను. ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని అంతా విన్నది. ఏదో అర్థం కానట్టు మొహం పెట్టింది.

"అయితే మాస్టారండీ, అక్కడ బూట్లు ఎవరేసుకుంటారు? వీరయ్యగారా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకాలున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎగతాళికి అడిగిన మాట కాదు, నిజంగా తెలీకే అడిగింది. నేను చెప్తానని నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.